రోడ్డుకి అటు కావేరి, ఇటు బోరు

బంధువులకి వైట్‌ఫీల్డ్ అని చెప్తాం, ఆటో అతనికి కాడుగోడి దాటాక అని చెప్తాం, కొరియర్ అబ్బాయికైతే పెట్రోల్ బంకు, దాని పక్క సందు, మారెమ్మ గుడి, ఓవర్‌హెడ్ ట్యాంకు అన్నీ ఫోన్లో చెప్పి ఆఖరికి మేమే మెయిన్ రోడ్డు మీదకెళ్ళి చెయ్యి ఊపాలి. బెంగళూరు తూర్పు అంచులో, హోస్కోట వైపు పోయే దారిలో ఉండే చిన్న లేఅవుట్ మాది. వీధులు నాలుగే, కానీ క్రాసుల నంబర్లు చూస్తే జయనగర్ లాంటి పెద్ద పేట అనుకుంటారు.

ఈ వైట్‌ఫీల్డ్ కూడా ఒకప్పుడు అంచే కదా. 1882లో మైసూరు మహారాజు చామరాజ వడయారు ఇచ్చిన భూమిలో ఆంగ్లో ఇండియన్, యూరేషియన్ కుటుంబాలు వ్యవసాయం చేసుకుని బతకడానికి వేసిన ఊరది. ఇప్పుడది సిటీ, అంచు మా దగ్గరికి జరిగింది. 2023 అక్టోబర్ నించి మెట్రో ఎక్కితే మెజెస్టిక్ దాటి చల్లఘట్ట దాకా నలభై మూడు కిలోమీటర్లు ఎక్కడా మారకుండా పోవచ్చు, చాలా సుఖం, కాదనను. కాకపోతే మా ఇంటి నించి మెట్రో స్టేషన్ దాకా పోవడమే అసలు ప్రయాణం. కంటైనర్ డిపో లారీలు, రైల్వే గూడ్స్ టెర్మినల్ లారీలు, స్కూల్ బస్సులు, మధ్యలో నాలుగు గేదెలు. గేదెలే నయం, హారన్ కొడితే పక్కకి జరుగుతాయి.

మేం ఇల్లు కట్టుకున్న చోట ముందు రాగి చేను, వెనక నీలగిరి తోపు ఉండేదంట. సైట్ అమ్మిన రెడ్డిగారి కుటుంబం ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఈ తూర్పు వైపు పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి, వాళ్ళ తెలుగు మా పలమనేరు తెలుగుకి దగ్గరగానే ఉంటుంది గానీ రెండు మాటలకో కన్నడ మాట పడుతుంది. వాళ్ళవ్వ పొద్దున్నే మా గేటు ఎదురుగా అరుగు మీద కూచుంటుంది, నేను బయటికొస్తే చాలు, "ఏం పాపా, నీళ్ళొచ్చెనా?" అంటుంది. బాగున్నావా, తిన్నావా అనే ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే మా దగ్గర అన్నీ నీళ్ళ చుట్టూనే తిరుగుతాయి. మా ముందున్న రోడ్డే హద్దు. 2007లో బెంగళూరు కార్పొరేషన్‌ని పెంచి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) చేసినప్పుడు ఏడు మునిసిపాలిటీలు, ఒక టౌను, 110 పల్లెలు కలిపారు. రోడ్డుకి అటుపక్క ఆ లెక్కలో పడింది, ఇటుపక్క పంచాయతీలోనే మిగిలింది. ఇంటి కాగితాల్లో అటువాళ్ళకి కార్పొరేషన్ ఇచ్చే ఎ ఖాతా, బి ఖాతా గొడవ, మాకు పంచాయతీ ఇచ్చే ఫారం 9, ఫారం 11 గొడవ. 2025 సెప్టెంబర్లో బీబీఎంపీనే పోయింది, గ్రేటర్ బెంగళూరు అథారిటీ అని పెట్టి ఐదు కార్పొరేషన్లు చేశారు, మా రోడ్డు మీది గీత మాత్రం అట్లే ఉంది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా మనల్ని కూడా కలిపేస్తారంట అని ఒకరొస్తారు, కలిపితే టాక్స్ పెరుగుతుందని ఇంకొకరొస్తారు.

కలిపిన ఆ 110 పల్లెలకి కావేరి నీళ్ళు వచ్చేసరికే పదిహేడేళ్ళు పట్టింది లెండి. ఐదో దశ 2024 అక్టోబర్లో మొదలైంది, రోజుకి 775 మిలియన్ లీటర్ల స్కీము. వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్ళి నించి మూడు చోట్ల పంపులు పెట్టి ఎత్తి పోస్తే గానీ ఆ నీళ్ళు ఈ మిట్టకి ఎక్కవు, బెంగళూరు సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తులో ఉంది మరి. ఆ పైపు ఎదురు అపార్ట్‌మెంట్ దాకా వచ్చింది. మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ మీటర్ బాక్సు కనిపిస్తుంది.

ఇటుపక్క మాకున్నది పంచాయతీ బోరు ఒకటి, దాని వాల్వు తిప్పే నీరుగంటి ఒకడు. మా నాలుగు వీధుల్లో ఎక్కువ గౌరవం ఎవరికంటే అతనికే. రోజు మార్చి రోజు వదుల్తాడు, టైము మాత్రం అతని ఇష్టం, పొద్దున ఐదు కావచ్చు, రాత్రి పదకొండు కావచ్చు. పైపులో ముందు గాలి వస్తుంది, బుస్సుమని, తర్వాత ఎర్రగా ఒక బకెట్, ఆ తర్వాతే తేట నీళ్ళు. ఆ బుస్సు శబ్దం వినిపించగానే నిద్రలో ఉన్నా లేచి సంపు మూత తీస్తాం, పక్కింటి బెల్లు కొడతాం, వాళ్ళు దాని పక్కింటి బెల్లు కొడతారు. వాట్సాప్ గ్రూపు కూడా ఉంది గానీ అర్ధరాత్రి బెల్లే పని చేస్తుంది.

వేసవిలో ఆ బోరు కూడా మూలుగుతుంది. ఇక్కడంతా గట్టి రాయి, నీళ్ళుండేది రాతి పగుళ్ళలోనే, అందుకే ఒక సైట్‌లో ఫుల్లుగా పడతాయి, గోడకి ఇవతల పక్క సైట్‌లో వట్టి దుమ్ము వస్తుంది. మా వెనక వీధిలో బోరు వేసిన రోజు ఇంకా గుర్తుంది. ముందు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని సైటంతా తిరిగాడు, ఒక చోట కాయ లేచి నిలబడింది, అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు (ఆ ఇంటాయన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఆయనే దగ్గరుండి సున్నం తెచ్చాడు). రాత్రికి తమిళనాడు తిరుచెంగోడు నించి బోరు వేసే రిగ్గు లారీ వచ్చింది. ఇక మొదలు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు, రాడ్డు దిగినప్పుడల్లా మేస్త్రీ పలక మీద ఒక గీత గీస్తాడు, వీధి వీధంతా నైటీల్లో లుంగీల్లో నిలబడి ఆ గీతలే చూస్తున్నాం. ఎనిమిది వందల దాకా బూడిద రంగు పొడే, చెట్లన్నీ తెల్లబడ్డాయి, మా స్కూటర్ కూడా. లోతు పెరిగే కొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, ఆ ఇంటావిడ మాట్లాడ్డమే మానేసింది. వెయ్యి దాటాక పొడి తడిసి ముద్దగా రావడం మొదలైంది, ఇంకొక రాడ్డు, ఇంకొక రాడ్డు, ఉన్నట్టుండి బురద నీళ్ళు ఇంతెత్తున ఎగిరి మా అందరి మీదా పడ్డాయి. అంతవరకు మొహం తెలిసి పేరు తెలియని వాళ్ళు కూడా ఆ రాత్రి ఒకరినొకరు పట్టుకుని గంతులేశారు.

నాకనిపించేది ఏంటంటే, మా వీధిలో స్నేహాలన్నీ కరువు వల్ల అయినవే. 2024 వేసవిలో బెంగళూరు నీళ్ళ కష్టం టీవీల్లో కూడా చూసుంటారు. ప్రభుత్వం టాంకర్లకి రేటు కట్టింది, ఐదు కిలోమీటర్ల లోపల 12 వేల లీటర్ల టాంకర్‌కి వెయ్యి రూపాయలు, జీఎస్టీ వేరే. ఆ రేటుకి మా వీధికి ఒక్కడూ రాలేదు, అది వేరే కథ. వచ్చిన టాంకర్‌నే మూడిళ్ళు కలిపి కొని సంపు నించి సంపుకి పైపు వేసి పంచుకున్నాం, ఎవరింట్లో పెద్దవాళ్ళున్నారు, ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరింటికి చుట్టాలొచ్చారు అన్నీ అప్పుడే తెలిసినాయి. ఎదురు అపార్ట్‌మెంట్లో మా ఆడపడుచు ఉంటుంది, అక్కడ పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు కూడా ఆమెకి తెలీదు. ఇది చెప్తే "అయితే మనకి కావేరి రాకపోవడమే మంచిది" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. కాదు బాబూ. నాకు స్నేహాలు లేకపోయినా ఫర్వాలేదు, కొళాయి తిప్పితే నీళ్ళు రావాలి. కొరతలో మాధుర్యం ఉందని రాసేవాళ్ళు రాత్రి పదకొండుకి సంపు మూత ఎత్తి చూస్తే తెలుస్తుంది.

చిత్రం ఏంటంటే, పండక్కి పలమనేరు పోయేటప్పుడు కోలారు దగ్గర చెరువులు నిండుగా కనిపిస్తాయి. నా చిన్నప్పుడు బస్సులోంచి చూస్తే వాటిల్లో తుమ్మచెట్లు తప్ప ఏముండేవి కాదు. అవి బెంగళూరు వాడేసిన నీళ్ళే, కోరమంగల చల్లఘట్ట వ్యాలీ మురుగునీటిని శుద్ధి చేసి పైపుల్లో కోలారు చెరువులకి పంపే పని 2018లో మొదలైంది, రోజుకి 440 మిలియన్ లీటర్ల లెక్క. ఆ శుద్ధి చాలదని గొడవ చేసేవాళ్ళు ఉన్నారు, భూమిలో నీళ్ళు పైకొచ్చాయని సంతోషపడే రైతులూ ఉన్నారు. అంటే కావేరి మా దాకా రాకుండా సిటీకి పోయి, స్నానాలు, గిన్నెలు అన్నీ అయిపోయాక మమ్మల్ని దాటుకుని కోలారు పోతుందనమాట.

అవ్వకి ఈ లెక్కలన్నీ చెప్తే నవ్వింది. "ఆడే బాయి ఉండె పాపా," అని ఐదో క్రాస్ వైపు చెయ్యి చూపించింది, "చేద కూడా వద్దు, వంగి ముంచుకుంటా ఉంటిమి." ఆ బావి మీద ఇప్పుడు మూడంతస్తుల పీజీ హాస్టల్ ఉంది. బావి పూడ్చింది ఎవరవ్వా అంటే వాళ్ళ కొడుకే అంట.

పోయిన ఆదివారం గుడి దగ్గర మీటింగ్ పెట్టాం, లేఅవుట్‌కి సొంతంగా ఇంకో బోరు వేద్దామని. ఇల్లున్నవాళ్ళంతా ఒప్పుకున్నారు. సైట్ కొని గోడ కట్టి ఖాళీగా పెట్టుకున్నవాళ్ళు, ధర పెరిగాక అమ్ముకుందామని చూసేవాళ్ళు, మాకు నీళ్ళెందుకు, మేం ఉండట్లేదు కదా అంటున్నారు. నీళ్ళు పడితే పెరిగేది వాళ్ళ సైట్ రేటే కదా అని నేనన్నా. దాంతో గ్రూపులో రెండు రోజులు యుద్ధం, ఇద్దరు ఎగ్జిట్ అయ్యారు, ఒకరు మళ్ళీ యాడ్ చెయ్యమన్నారు. ఖాళీ సైట్లకి సగం వాటా అని ఒక రాజీ మాట నడుస్తోంది. నేను మాత్రం పూర్తి వాటా అనే అంటున్నా. కొబ్బరికాయ ఆయనకి అడ్వాన్స్ అయితే ఇచ్చేశాం.