ఆయన తలమీద నూనె పోసిందెవరు?

మట్టలాదివారానికి ముందు వారం సండేస్కూల్లో ఒక పాప లేచి అడిగింది: “అక్కా, యేసుక్రీస్తులో ఇంటిపేరు ఏది?” మనకు ఇంటిపేరు ముందొస్తుంది కాబట్టి ‘యేసు’ ఇంటిపేరు, ‘క్రీస్తు’ పెట్టిన పేరు అయ్యుండాలని ఆ పిల్ల లెక్క. తక్కిన పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ప్రతి ప్రార్థన చివరా “యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ” అంటాను. ఆ రెండో మాట అర్థం తలచుకొని పలికిన రోజులు ఎన్ని? ఇంటికొచ్చి బైబిలు తెరిచాను. ఆ వారమంతా ఆ ఒక్క మాటను విడిచిపెట్టలేకపోయాను.

యేసు అన్నది ఇంట్లో పిలిచిన పేరు. హెబ్రీ పేరు యెహోషువకు అది పొట్టి రూపం, యెహోవాయే రక్షణ అని దాని అర్థం. ఆ రోజుల్లో ఆ పేరున్న యూదులు చాలామందే. క్రీస్తు అన్నది మాత్రం పేరు కాదు, పదవి. హెబ్రీవాళ్ళు ‘మెస్సీయ’ అన్నదాన్నే గ్రీకువాళ్ళు ‘క్రిస్తోస్’ అన్నారు, మనం ‘అభిషిక్తుడు’ అంటాం. తలమీద నూనె పోయబడినవాడు. తెలుగువాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. పట్టాభిషేకం అనగానే సింహాసనం కళ్ళకు కడుతుంది. చిక్కల్లా అక్కడే ఉంది, ఆ మాట తరువాత చెప్తాను.

ఇశ్రాయేలీయుల్లో ఆ నూనె అంగట్లో దొరికే నూనె కాదు. నిర్గమకాండం 30వ అధ్యాయంలో దేవుడు మోషేకు దాని పాళ్ళు చెప్పాడు: అచ్చమైన గోపరసం 500 తులాలు, సుగంధపు లవంగిపట్ట 250, నిమ్మగడ్డి నూనె 250, లవంగిపట్ట 500, వాటితో ఒలీవ నూనె మూడు పళ్ళు (పడి అనే కొలతలో). సొంతానికి అలాంటిది కలుపుకోకూడదు, పైవాళ్ళ ఒంటిమీద పోయకూడదు. అది అహరోను తలమీద పోస్తే యాజకుడయ్యాడు. సమూయేలు కొమ్ములో నూనె తెచ్చి, గొర్రెలు కాసుకునే దావీదు తలమీద అన్నలందరి ఎదుటా పోశాడు. ఎలీషాను ప్రవక్తగా అభిషేకించమని ఏలీయాకు ఆజ్ఞ వచ్చింది. దేవుని మాట తెచ్చేవాడు, జనం పాపాన్ని మోసుకొని దేవుని ముందుకు వెళ్ళేవాడు, ఏలేవాడు. ముగ్గురికీ ఒకటే గుర్తు.

అయితే రాజరికమూ యాజకత్వమూ ఒక్కడి చేతికి ఇవ్వలేదు. ఉజ్జియా రాజు బలం పెరిగాక ధూపం వేయడానికి తానే మందిరంలోకి నడిచాడు. ప్రధానయాజకుడూ, ఆయనతో 80 మంది యాజకులూ అడ్డుపడ్డారు. ధూపార్తి చేతిలో ఉండగానే అతని నొసట కుష్ఠు పొడమింది. చచ్చేదాకా వేరే ఇంట్లో బతికాడు. అలాంటి కట్టడి ఉన్న జాతిలోనే 110వ కీర్తన సీయోనులో ఏలే రాజును చూపించి “నీవు నిరంతరము యాజకుడవై యుందువు” అని పాడింది. ఆ రెంటినీ మోయగలవాడు ఎక్కడ? క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనువాళ్ళు యెరూషలేమును కూల్చాక దావీదు వంశంలో ఎవరూ ఆ సింహాసనం ఎక్కనేలేదు. వందల ఏళ్ళు అది ఖాళీగానే ఉంది. అందరి చూపూ ఆ ఖాళీ చోటు మీదే.

అలాంటి కాలంలో యేసు శిష్యులను ఫిలిప్పుదైన కైసరయ వైపు తీసుకెళ్ళాడు. హెర్మోను కొండ అడుగున, యొర్దాను ఊటల్లో ఒకటి పుట్టే చోటు అది. నిలువునా రాతి గోడ, దానిలో గుహ, గ్రీకుల పాన్ దేవుడి కొలువు. ఆ ప్రాంతంలోనే మహా హేరోదు అగస్టు కైసరు పేరున కట్టించిన తెల్లరాతి గుడి. ఊరి పేరులోనే కైసరు ఉన్నాడు. చక్రవర్తిని దేవుడిగా కొలిచే ఆ నేలమీద, కాళ్ళకు దారి దుమ్మంటిన పన్నెండుమందిని నజరేతు వడ్రంగి అడిగాడు, జనులు నన్ను ఎవరనుకుంటున్నారని. బాప్తిస్మమిచ్చు యోహాను అని కొందరు, ఏలీయా అని కొందరు, యిర్మీయా అని కొందరు అంటున్నారన్నారు. అన్నీ గౌరవమైన పేర్లే. అప్పుడు: “మీరైతే నేను ఎవడనని చెప్పుకొనుచున్నారు?”

ఆ ‘మీరైతే’ దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను. ఊళ్ళోవాళ్ళ మాట అయిపోయింది, ఇక నీ మాట చెప్పు అన్నట్టు వినబడుతుంది.

శిష్యుల్లో ఒకడైన పేతురు చెప్పాడు: “నీవు సజీవుడగు దేవుని కుమారుడవైన క్రీస్తువు.” ప్రభువు అతణ్ణి ధన్యుడవన్నాడు. నరులు కాదు, పరలోకపు తండ్రే నీకిది బయలుపరిచాడన్నాడు. కొన్ని వచనాలు దాటేసరికి అదే నోటితో అదే పేతురును “సాతానా, నా వెనుకకు పొమ్ము” అన్నాడు. మధ్యలో జరిగిందల్లా ఒక్కటే. తాను యెరూషలేముకు వెళ్ళి, హింసలు పొంది, చంపబడి, మూడో రోజున లేవాలని యేసు చెప్పాడు. పేతురు ఆయన్ను పక్కకు తీసుకుపోయి “ప్రభువా, అది నీకు దూరమగుగాక” అన్నాడు. బిరుదు తప్పు చెప్పలేదు పేతురు. ఆ బిరుదుకు అతను మనసులో గీసుకున్న బొమ్మ తప్పు. అతనికి కనిపించింది పట్టాభిషేకం, యెరూషలేము, ఖాళీ సింహాసనం. సువార్త రాసిన మార్కు ఈ సంగతికి సరిగ్గా ముందు బేత్సయిదా గుడ్డివాడి కథ పెట్టాడు. మొదటిసారి చెయ్యి వేసినప్పుడు వాడికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు, రెండోసారి వేశాకే తేటగా చూశాడు. పేతురు ఆ మొదటి చెయ్యికీ రెండో చెయ్యికీ నడుమ ఉన్నాడు.

నేను ఆ చోటును ఎరుగుదును. నాన్నకు ఆపరేషను జరిగిన రాత్రి ఆసుపత్రి వరండాలో మోకాళ్ళూని నేను చేసింది ప్రార్థన అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే అది పేతురు మాటే. అది దూరమగుగాక, అది ఎన్నడూ కలుగకూడదు. నువ్వు క్రీస్తువైతే నేను చెప్పినట్టు జరగాలి. ఆయన రాజని నోరారా అంటూనే, ఏలే పని నా చేతిలో పెట్టుకున్నాను.

పేతురు మాటలో రెండో ముక్క ఉంది, సజీవుడగు దేవుని కుమారుడు. దాని లోతు కొలవడానికి సంఘానికి వందల ఏళ్ళు పట్టింది. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘపెద్ద, కుమారుడు లేని కాలం ఒకటి ఉండేదని బోధించాడు. 325లో నీకయలో కూడిన సభ కాదంది, కుమారుడు తండ్రితో ఒకే తత్వంగలవాడని ఒప్పుకుంది. మొన్న 2025కు దానికి 1700 ఏళ్ళు నిండాయి. 451లో కల్కెదోను సభ ఆయన నిజ దేవుడు, నిజ మానవుడు అంది. ఒక్కడే క్రీస్తు, రెండు స్వభావాలు, అవి కలగాపులగం కావు, మారవు, విడిపోవు, వేరు కావు. (ఇవి పాశ్చాత్యుల వాదాలని కొందరు కొట్టిపారేస్తారు. ఈ రెండు ఊళ్ళూ ఇప్పటి టర్కీలోవి.) ఈ పదాల బరువు నాకు తెలియజెప్పింది నాలుగో శతాబ్దపు బిషప్పు నజియాంజు గ్రెగొరీ మాట. ఆయన ధరించనిది బాగుపడలేదు అన్నాడు గ్రెగొరీ. మన ఆకలి, అలసట, భయం, చావు ఆయన తొడుక్కోకపోతే వాటికి ఇంకా మందు లేనట్టే. హెబ్రీ పత్రిక దాన్నే మన వాడుకకు దగ్గరగా చెప్పింది: “మన ప్రధానయాజకుడు మన బలహీనతలయందు మనతో సహానుభవము లేనివాడు కాడు.” ఆ రాత్రి వరండాలో నాకు కావలసింది ఆ యాజకుడే. నేను మాత్రం రాజునే పిలుస్తూ ఉన్నాను.

శరీరం ఉన్నవాడి మీదే నూనె పోయగలం. అందుకే బేతనియకు రాకుండా నా ధ్యానం తెగదు.

యూదుల పస్కా పండగ దగ్గరపడింది. బేతనియలో, కుష్ఠరోగియైన సీమోను ఇంట్లో, భోజనం జరుగుతోంది. ఒక స్త్రీ అచ్చ జటామాంసి అత్తరుబుడ్డి తెచ్చి, పగలగొట్టి, ఆయన తలమీద పోసింది. జటామాంసి మనకు కొత్తది కాదు, తలనూనెల్లో వేసే ఆ వేరే. హిమాలయాల ఎత్తుల్లో పెరిగే మొక్క. అది యూదయదాకా వచ్చిందంటే ఎంత ఖరీదై ఉంటుంది! అక్కడున్నవాళ్ళే లెక్క కట్టారు, 300 దేనారాలకు మించి అమ్మొచ్చని. కూలీకి రోజుకు ఒక దేనారం. దగ్గర దగ్గర ఏడాది కష్టం ఒక్క నిమిషంలో కారిపోయింది. వాళ్ళు ఆమె మీద సణిగారు. ఇంకో సువార్త రాసిన యోహాను ఆమెను లాజరు అక్కచెల్లెళ్ళలో ఒకరైన మరియ అంటాడు, పాదాలకు పూసిందంటాడు, ఇల్లంతా వాసనతో నిండిందంటాడు. నేను మార్కు దగ్గరే కూర్చుంటాను. తలమీద నూనె పోయడం రాజుకు చేసే పని.

ఆయనకు అభిషేకం ముందే అయింది, యొర్దానులో బాప్తిస్మం పొందినప్పుడు, ఆత్మచేత. పేతురే తరువాత రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట్లో నిలబడి, దేవుడు నజరేయుడైన యేసును పరిశుద్ధాత్మతోను శక్తితోను అభిషేకించెనని చెప్పాడు. కానీ అభిషిక్తుడని పేరున్న ఆయన తలమీద చేత్తో నూనె పోసిన మనిషి మార్కులో ఈమె ఒక్కతే. సమూయేలులాంటి ప్రవక్త లేడు, ప్రధానయాజకుడు లేడు, మందిరంలోంచి తెచ్చిన కొమ్ము లేదు. పేరు కూడా రాయని ఒక ఆడమనిషి, పగిలిన బుడ్డి. ఆమె చేసింది ఏమిటో ఆయనే చెప్పాడు: “ఈమె తన శక్తికొలది చేసి, నా భూస్థాపన నిమిత్తము నా శరీరమును ముందుగా అభిషేకించెను.” పట్టాభిషేకం భూస్థాపనకు! పేతురు ఒప్పుకోలేకపోయిన మాటను ఈమె నూనె ఒప్పుకుంది. ఆమెకు ఎంత తెలిసి చేసిందో లేఖనం చెప్పదు. శక్తికొలది అన్న మాట ఒక్కటే ఉంది, అది నాకు చాలు.

అక్కడి నుంచి గెత్సేమనే తోట. ఆ పేరుకు నూనె గానుగ అని అర్థం. ఒలీవలు నలిగే చోట అభిషిక్తుడు నేలమీద పడి, ఈ గిన్నె తీసేయమని అడిగాడు, అయినా నీ చిత్తమే కానిమ్మన్నాడు. ఆ జటామాంసి వాసన ఇంకా ఆయన తలవెంట్రుకల్లో ఉండి ఉంటుందని మా చర్చి అయ్యగారు ప్రతి శ్రమల వారంలో అంటారు. వచనం అలా చెప్పకపోయినా నాకూ అలాగే అనుకోవాలనిపిస్తుంది.

ఇంకొకటి గమనించాను. గలిలయలో ఎవరైనా తానెవరో గుర్తుపడితే, ఎవరితోనూ చెప్పొద్దని ఆయన గట్టిగా ఆజ్ఞాపించేవాడు. పేతురుకూ అదే చెప్పాడు. పట్టుబడి ప్రధానయాజకుడి ముందు నిలబడి, “పరమాత్ముని కుమారుడవైన క్రీస్తువు నీవేనా?” అని అడిగించుకున్నప్పుడు మాత్రం “అవును నేనే” అన్నాడు. ఇక ఆ మాటను ఎవరూ సింహాసనంగా పొరబడే వీల్లేదు. ఆ రాత్రే ముఖానికి ముసుగేసి గుద్ది, ప్రవచింపుమన్నారు. తెల్లవారాక సైనికులు ఊదారంగు వస్త్రం తొడిగి, ముళ్ళ కిరీటం పెట్టి, యూదుల రాజా అని మొక్కారు. సిలువ కింద ప్రధానయాజకులు, ఇతరులను రక్షించాడు, తన్ను తాను రక్షించుకోలేడు అన్నారు. ప్రవక్తను, రాజును, యాజకుణ్ణి ముగ్గురినీ ఎగతాళి చేశారు. చేసినవాళ్ళకు తెలియదు, ఒక్కొక్కటీ నిజమే పలుకుతున్నామని. ఆ మూడోది మరీ నిజం. యాజకుడే బలి అయినప్పుడు తన్ను తాను తప్పించుకుంటే ఇతరులకు రక్షణ ఎక్కడిది?

మళ్ళీ ఆదివారం ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పాను. యేసు ఆయన పేరమ్మా, క్రీస్తు ఆయన పని, నూనె పోసి ఆయనకు అప్పగించిన పని అన్నాను. “నూనె ఎవరు పోశారు?” అంది. బేతనియ కథ చదివి వినిపించాను. బుడ్డి ఎందుకు పగలగొట్టింది, మూత తీయొచ్చుగా అని అడిగింది. మళ్ళీ మూత పెట్టే ఉద్దేశం లేకనేమో అన్నాను.

ఆ పాప వెళ్ళిపోయాక నేను మార్కు చివరికి వచ్చాను. యోహాను, నికొదేము అనే యూదుల అధికారి తెచ్చిన బోళము, అగరు సంగతి రాస్తాడు గానీ, మార్కులో ఆయన్ను తొందరగా నారబట్టలో చుట్టి సమాధిలో పెట్టడం తప్ప ఇంకేమీ కనిపించదు. విశ్రాంతిదినమైన సబ్బాతు గడిచాక మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే, ఆయనకు పూయాలని సుగంధద్రవ్యాలు కొన్నారు. పొద్దు పొడుస్తుండగా సమాధి దగ్గరకు వచ్చారు. రాయి ఎవరు దొర్లిస్తారని దారి పొడుగునా మాట్లాడుకున్నారు. రాయి దొర్లి ఉంది. పూయడానికి శరీరం లేదు. చేతుల్లో సుగంధద్రవ్యాలతో నిలబడిన ఆ ముగ్గురికి, ఆయన లేచియున్నాడన్న మాట వినబడింది. ఆ సుగంధద్రవ్యాలను వాళ్ళు ఏం చేశారో మార్కు రాయలేదు.