పైకప్పు మీద పోసమ్

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో, రాత్రి రెండింటికి పైకప్పు మీద ధడధడా పరుగు, వెంటనే గొంతులో కఫం అడ్డుపడిన ముసలాయన దగ్గులాంటి గురగుర. దొంగేమోనని ఒకటే టెన్షన్. టార్చ్ వేస్తే చూరుకున్న వాననీటి గట్టర్ అంచున రెండు కళ్లు మెరిశాయి. బ్రష్‌టెయిల్ పోసమ్! కంగారూలా పొట్ట దగ్గర సంచి ఉండే కుచ్చుతోక జంతువు. పిల్లి అంత ఉంది, వీపు మీద పిల్ల కూడానూ. నాలుగైదు నెలలు సంచిలో పెరిగాక పిల్లలు అలా వీపెక్కి తిరుగుతాయట.

పట్టించి ఎక్కడో దూరంగా వదిలించేద్దామనుకున్నా. కుదరదు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం రూల్ ప్రకారం పట్టిన చోటికి 50 మీటర్లలోపే, అదీ చీకటి పడే వేళకే వదలాలి. అంటే మళ్లీ మా ఇంటికే కదా!

పగలంతా మా అటకలో నిద్ర, పొద్దుగూకితే నా గులాబీ చిగుళ్లతో భోజనం. మా ఆవిడ మాత్రం ముందుజాగ్రత్తగా కరివేపాకు కుండీని రోజూ సాయంత్రం వంటింట్లోకి తెచ్చేసుకుంటోంది.