మోకాలి చిప్ప పైకి జారితే: వెండెల్ డేవిస్ కెరీర్, నా ఎడమ కాలు

1993 అక్టోబరు 10న ఫిలడెల్ఫియాలోని వెటరన్స్ స్టేడియంలో షికాగో బేర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) వెండెల్ డేవిస్ ఒక పొడవాటి పాస్ కోసం ఎగరబోయాడు. బూటు మేకులు ఆస్ట్రోటర్ఫ్ అనే కృత్రిమ గడ్డిలో ఇరుక్కున్నాయి. పాదాలు నేలకు అతుక్కుపోయాయి, ఒళ్లు మాత్రం పైకి లేచింది. రెండు మోకాళ్లలోనూ చిప్ప కింద ఉండే పటెల్లార్ టెండన్ అనే గట్టి నరం లాంటి పట్టీ ఒకేసారి తెగిపోయింది. నాకు తెగింది ఎడమ కాలిలో ఒక్కటే. అందుకే నేను చేసిన ప్రతి వ్యాయామం దగ్గరా ఒకటే ప్రశ్న వచ్చేది: కుడి కాలు సాయం లేకపోతే దీన్ని ఎలా చేస్తారు?

డేవిస్ అనామకుడేం కాదు, స్టారూ కాదు. లూసియానా స్టేట్ యూనివర్సిటీ నుంచి వచ్చాడు. 1988లో జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మొదటి రౌండులోనే 27వ ఎంపిక. 1991లో 61 క్యాచ్‌లు, వాటితో 945 గజాలు, 6 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి చేసే స్కోర్లు). అదే అతని మంచి సీజను. మొత్తం లెక్క 207 క్యాచ్‌లు, సరిగ్గా 3,000 గజాలు, 14 టచ్‌డౌన్లు. అతని గణాంకాల పట్టికలో 1993 వరుసలో 12 క్యాచ్‌లు ఉంటాయి, ఆ తర్వాత వరుసే లేదు.

ఈ టెండన్ చిప్ప కింది అంచును ముంగాలి ఎముకకు కట్టి ఉంచుతుంది. తొడ ముందు కండరం లాగే బలమంతా చిప్ప మీదుగా దీని గుండానే కిందికి వెళ్తుంది, నూతి గిలక మీదుగా చేంతాడు వెళ్లినట్టు. అది తెగితే కండరం చిప్పను తొడలోకి ఎగలాగేస్తుంది. వాపు ఎక్కువగా ఉండటంతో చాలాసార్లు బెణుకు అనుకుని పంపేస్తారు. పరీక్ష మాత్రం చాలా తేలిక. వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా మడమ పైకెత్తాలి. లేవలేదంటే టెండనో చిప్పో దెబ్బతిన్నట్టే అనుకోవాలి. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో చిప్ప ఉండాల్సిన చోటు కంటే పైన కనిపిస్తుంది. ఆపరేషన్ రెండు వారాల లోపు అయితే మేలు. ఆలస్యమైతే కండరం కుంచించుకుపోయి, చిప్ప కిందికి రానంటుంది.

ఆపరేషన్‌లో తెగిన టెండన్‌కు లావాటి, కరగని దారంతో జడలాంటి కుట్లు వేస్తారు. చిప్పలో నిలువుగా మూడు రంధ్రాలు చేసి, దారాలను వాటిలోంచి పైకి లాగి ముడేస్తారు. రంధ్రాలకు బదులు ఎముకలో దిగే చిన్న యాంకర్లు (దారాన్ని పట్టి ఉంచే మేకుల్లాంటివి) వాడే సర్జన్లూ ఉన్నారు. మరీ బిగిస్తే చిప్ప కిందికి దిగిపోయి మోకాలు వంగదు. వదులైతే కాలు పూర్తిగా చాపలేం.

తర్వాత సుమారు ఆరు వారాలు బ్రేస్ (మోకాలికి కట్టే కీలు పట్టీ), అదీ నిటారుగా లాక్ చేసి. లాక్ తీయకుండా, చంక కర్రలతో బరువు మోపవచ్చు. మోకాలి కింద దిండు పెట్టుకోవాలని ప్రాణం లాగుతుంది, కానీ పెట్టకూడదు. పెడితే మోకాలు కొంచెం వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి. రక్తం గడ్డకట్టకుండా గంటగంటకూ పాదం ఆడించాలి.

వంచడం సర్జన్ చెప్పిన కొలత ప్రకారమే: మొదట 30 డిగ్రీలు, తర్వాత 60, ఆరో వారానికి 90 దాకా. మంచం అంచున కూర్చుని మంచి పాదంతో దెబ్బ కాలిని మెల్లగా వెనక్కి నెట్టాలి. తిరిగి చాపేటప్పుడు తొడ కండరం పనిచేయకూడదు, కుట్లు లాగేస్తుంది. మంచి పాదాన్ని చీలమండ కింద దూర్చి అదే పైకెత్తాలి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ కాలు. టాయిలెట్ మీద నుంచి లేవడమూ కుడి కాలి చలవే. రెండు కాళ్లూ లాక్ అయిన మనిషికి ఇందులో ఒక్కటీ సొంతంగా కుదరదు. ప్రతిదానికీ ఇంకొకరి చెయ్యి కావాలి.

నన్ను ఎక్కువగా విసిగించింది నొప్పి కాదు, తొడ కండరం మొద్దుబారిపోవడం. బిగించమని మెదడు చెప్తుంది, అది వినదు. తొడ మీద సన్నని కరెంటు ఇచ్చే ప్యాడ్లు పెడితేనే కదిలింది. ఆ తర్వాత కాలు లేచినా మోకాలి దగ్గర కాస్త వంగిపోయి, మడమ వేలాడేది. అది పోయేదాకా నడకకు బ్రేస్ లాక్ తీయనివ్వరు. ఆపై 4 అంగుళాల పీట మీద నుంచి నెమ్మదిగా దిగడం, తర్వాత 6, తర్వాత 8. ఎక్కడం కంటే దిగడమే కష్టం. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం అన్నిటికంటే చివర వచ్చింది. ముడుల మీద మోకరిల్లితే ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ మైదానం గురించి ఓ మాట. వెటరన్స్ స్టేడియం 1971లో తెరిచారు. టర్ఫ్ ఎంత అధ్వానమంటే, 2001 ఆగస్టులో బాల్టిమోర్ జట్టుతో ప్రీసీజన్ (సీజను ముందు సన్నాహక) మ్యాచ్‌ను మైదానం బాగోలేదనే రద్దు చేశారు. 2004లో కూల్చేశారు. డేవిస్ పడిపోయి అప్పటికి పదేళ్లు దాటింది.

పరుగుకు అనుమతి మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. గంతులు, ఆటలు ఇంకా తర్వాత. క్యాలెండర్ కంటే బలమే ముఖ్యం: దెబ్బ కాలి తొడ బలాన్ని మంచి కాలితో పోల్చి, దాదాపు 90 శాతం వస్తేనే సరే అంటారు. డేవిస్‌కు పోల్చుకునేందుకు రెండో కాలు కూడా మిగల్లేదు. 1995లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ జట్టుతో మళ్లీ ప్రయత్నించాడు. లీగ్ మ్యాచ్ మాత్రం ఇక ఆడలేదు.