స్విఫ్ట్ డీజిల్‌కి పర్ఫార్మెన్స్ పార్ట్స్ వేయించాలా వద్దా, నా అనుభవం

తిరుపతిలో కారున్న కుర్రోళ్ళు చాలామంది అడిగేది ఇదే, ఫిల్టర్ మారిస్తే పికప్ వస్తాదా, రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం) చేయిస్తే పవర్ ఎంత పెరుగుతాది, డబ్బులు దండగ కాదా అని. నేను దీంట్లో పూర్తిగా దిగి తేల్చుకున్నా కాబట్టి రాస్తున్నా.

నాది పాత స్విఫ్ట్ డీజిల్, ఫియట్ వాళ్ళ 1.3 ఇంజను, 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్ (లాగే బలం). మైలేజీకి వంక పెట్టేదానికి లేదు. కానీ ఇంజనులోకి గాలిని నొక్కి పంపే టర్బో 2000 ఆర్‌పీఎం లోపల లేవదు, అందుకని మదనపల్లి పోయేటప్పుడు భాకరాపేట ఘాట్‌లో ఇంట్లోవాళ్ళందరూ ఎక్కి ఏసీ ఆన్‌లో ఉంటే మలుపు తిరిగినాక సెకండ్ గేర్‌లో కూడా ముక్కుతా మూలుగుతా పోతాది, ముందర లారీ ఉంటే ఓవర్‌టేక్ చేసేదానికి ధైర్యం చాలదు. నాకు స్పీడ్ సరదా లేదు, ఆ ఓవర్‌టేక్ సేఫ్‌గా అయిపోవాలి అంతే.

మొదట ఫిల్టర్ సంగతి. మా బామ్మర్ది పెట్రోల్ స్విఫ్ట్‌కి కోన్ ఫిల్టర్ (కంపెనీ డబ్బా తీసేసి పెట్టే ఓపెన్ ఎయిర్ ఫిల్టర్) వేయించినాడు, ఆ బండి తీసుకుని చంద్రగిరి బైపాస్‌లో నడిపి చూసినా. సౌండ్ మాత్రం బాగా పెరిగింది, లాగుడులో తేడా నాకైతే తెలియలేదు. కారణం ఉంది, కంపెనీ పేపర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంటే ఆ చిన్న ఇంజనుకి కావాల్సిన గాలిని అదేమీ ఆపట్లేదు. పైగా కోన్ ఫిల్టర్ బానెట్ లోపలి వేడిగాలి పీలుస్తాది, గాలి 3 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత దాదాపు ఒక శాతం పడిపోతాది, మన రేణిగుంట ఎండల్లో ఇంక చెప్పాల్నా. టర్బో లేని పెట్రోల్ బండికి ఫిల్టరూ ఎగ్జాస్టూ కలిపి వేసినా వచ్చేది పై ఆర్‌పీఎంలో కొంచెమే, రోజువారీ డ్రైవింగ్‌లో అది కాలికి తెలియదు.

టర్బో డీజిల్ కథ వేరే. ఈసీయూ (ఇంజను కంప్యూటర్) రీమ్యాప్ చేస్తే బూస్ట్ (టర్బో నొక్కే గాలి ఒత్తిడి), డీజిల్ రెండూ పెరుగుతాయి, పవర్ మామూలుగా 15 నుంచి 25 శాతం దాకా నిజంగానే పెరుగుతాది. నేను కూడా దానికే మొగ్గినా. అయితే మేం ఎప్పుడూ పోయే మెకానిక్ అన్న ఒక్క మాట అన్నాడు, "నైనా, ఉన్న పవర్ యాడికి పోయిందో ముందు చూద్దాం, కొత్తది తర్వాత పెంచుకో."

ఆ మాట పట్టుకుని కారు కంప్యూటర్‌కి తగిలించే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొని, వెయ్యి రూపాయల లోపే వస్తాది, ఫోన్‌లో యాప్ పెట్టుకుని థర్డ్ గేర్‌లో యాక్సిలరేటర్ ఫుల్లుగా తొక్కి రీడింగ్స్ చూసినాం. బూస్ట్ ఎక్కాల్సినంత ఎక్కట్లేదు, వెనకాల నల్లపొగ. విప్పి చూస్తే టర్బో నుంచి పోయే హోస్ క్లాంప్ దగ్గర ఆయిల్ జిడ్డు, చిన్న చీలిక, అంటే టర్బో నొక్కిన గాలి అక్కడే బయటికి పోతా ఉంది. ఈజీఆర్ వాల్వ్ (కొంత పొగని మళ్ళీ ఇంజనులోకి పంపేది) విప్పితే లోపల మసి మందంగా పేరుకుపోయి ఉంది. హోస్ మార్చి, ఈజీఆర్, మ్యాప్ సెన్సర్ (గాలి ఒత్తిడి కొలిచేది) క్లీన్ చేసి, ఎయిర్ ఫిల్టరూ డీజిల్ ఫిల్టరూ కంపెనీవే కొత్తవి వేసినాం. ఇంజెక్టర్ల రిటర్న్ (ఒక్కోటి వెనక్కి వదిలే డీజిల్) కూడా చెక్ చేయించినా, నాలుగూ సమానంగానే ఉన్నాయి.

మళ్ళీ భాకరాపేట ఘాట్ ఎక్కితే బండి మారిపోయినట్టే ఉంది! 2000 దాటగానే లాగుడు స్పష్టంగా వస్తా ఉంది, పొగ లేదు. కింద ఆర్‌పీఎంలో ల్యాగ్ (తొక్కినాక లాగుడు వచ్చేదానికి పట్టే ఆలస్యం) అలాగే ఉంది, అది ఆ టర్బో లక్షణం. ఇదే ఇంజను ఎర్టిగాలో 90 పీఎస్ ఇచ్చింది కానీ దానికి వేరియబుల్ జామెట్రీ టర్బో (ఆర్‌పీఎంని బట్టి లోపలి రెక్కలు సర్దుకునేది), సాఫ్ట్‌వేర్ ఒక్కటి మారిస్తే మనది అదైపోదు.

ఇంక రీమ్యాప్ అవసరమా అని కూర్చుని లెక్క వేసుకున్నా. టార్క్ పెరిగితే ముందు క్లచ్‌కే ఎసరు, నా క్లచ్ ఇప్పటికే పాతది. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చేయిస్తే యాక్సిడెంట్ అయినప్పుడు క్లెయిమ్‌కి ఇబ్బంది. చట్టం కూడా ఉంది, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద కంపెనీ స్పెసిఫికేషన్ మార్చేదానికి లేదు, 2019 సవరణ తర్వాత ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఘాట్‌లో ఓవర్‌టేక్ కోసం ఇంత నెత్తిన పెట్టుకోవాల్సిన పని నాకు కనబడలేదు, మానుకున్నా. ఆ డబ్బు క్లచ్ సెట్‌కీ టైర్లకీ పెడతా ఉన్నా.

అయినా ఎవరైనా చేయించేటట్టుంటే ముందు లీకులు, ఇంజెక్టర్లు, క్లచ్ చూపించుకోండి. ఈసీయూలో ఉన్న ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఫైల్ కాపీ అడిగి తీసుకోండి, డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద ముందూ తర్వాతా రెండు రీడింగులూ ఇవ్వమనండి. రెడీమేడ్ ఫైల్ ఎక్కించి పంపేస్తామనే వాళ్ళ దగ్గర బండి వదలొద్దు, ఈజీఆర్ గానీ డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) గానీ తీసేస్తామంటే అసలే ఒప్పుకోవద్దు.