టెట్ క్వాలిఫై అయ్యాం కదా అని ఆగిపోయినవాళ్ళ కోసం: చిత్తూరు నుంచి ఒక ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల సెకండరీ గ్రేడ్ టీచరు) ప్రిపరేషన్ అనుభవం

టెట్ (టీచరు అర్హత పరీక్ష) అయిపోయింది, ఇక డీఎస్సీ (ప్రభుత్వ టీచరు ఉద్యోగాల నియామక పరీక్ష) చూసుకుందాం అని టెట్ పుస్తకాలు అటకెక్కించినవాళ్ళు తిరుపతిలో ఏ హాస్టల్‌కి పోయినా కనిపిస్తారు. వాళ్ళకోసమే ముందు ఒక లెక్క రాస్తున్నా, నా సొంత సోది తర్వాత.

టెట్ 150 మార్కులకు. డీఎస్సీ మెరిట్‌లో దానికి 20 శాతం వెయిటేజీ, మిగతా 80 రాత పరీక్షకు. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులు పెరిగితే ఫైనల్ లిస్టులో ఒక మార్కు పెరుగుతుంది. ఓసీలకు క్వాలిఫైయింగ్ 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60. సరిగ్గా 90 తెచ్చుకుని ఆగిపోయినవాళ్ళకు వెయిటేజీ కింద వచ్చేది 12, 135 తెచ్చుకున్నవాళ్ళకు 18. ఆరు మార్కులేగా అనిపిస్తుంది. కానీ డీఎస్సీలో ఒక్కో ప్రశ్నకు అర మార్కే, 160 ప్రశ్నలు, కాబట్టి ఆ ఆరు మార్కులు పూడాలంటే అవతలివాళ్ళకంటే పన్నెండు బిట్లు (ఆబ్జెక్టివ్ ప్రశ్నలు) ఎక్కువ కరెక్ట్ చేయాలి. దశాంశాల దగ్గర ర్యాంకులు తారుమారయ్యే లిస్టులో పన్నెండు బిట్లు ఎక్కడి నుంచి తెస్తాం చెప్పండి? క్వాలిఫై అయినవాళ్ళు కూడా మళ్ళీ టెట్ రాసుకోవచ్చు, ఎక్కువ వచ్చిన స్కోరే పనికొస్తుంది. 2021 నుంచి సర్టిఫికెట్‌కు జీవితకాలం చెల్లుబాటు ఇచ్చారు కూడా, అంతకుముందు ఏడేళ్ళే ఉండేది. ఇంత వెసులుబాటు ఉండి కూడా "నాకు టెట్ ఉందిలే" అనేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నా సంగతికి వస్తే, ఇంటర్ తర్వాత డీఈఈసెట్ ఎంట్రన్స్ రాసి కార్వేటినగరం డైట్‌లో (ప్రభుత్వ టీచరు శిక్షణ కాలేజీ) డీఎడ్, అంటే ప్రాథమిక టీచరు డిప్లొమా చేశాను. తర్వాత చిత్తూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్తూనే చదివి మెగా డీఎస్సీలో ఎస్జీటీగా వచ్చాను. 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో మీకు గుర్తుండే ఉంటుంది. పరీక్షలు జూన్‌లోనే మొదలు. నోటిఫికేషన్ వచ్చాక పుస్తకం తెరిచినవాళ్ళకు రివిజన్‌కు కూడా టైం చాలలేదు.

నాకంటే ముందు రాసిన అక్కావాళ్ళు కొందరు కోచింగ్ కోసం అవనిగడ్డ పోయారు. పోవద్దనను, అక్కడి వాతావరణం వేరు, ఊరు ఊరంతా డీఎస్సీ చదువుతున్నట్టు ఉంటుందంటారు. నాకు జీతం మానుకునే వీలు లేదు. ఆదివారాలు బస్సెక్కి తిరుపతి వచ్చి ఒక కోచింగ్ సెంటర్లో గ్రాండ్ టెస్టులు రాసి, బాలాజీ కాలనీలో జిరాక్స్‌లు తీయించుకుని రాత్రికి చిత్తూరు చేరేదాన్ని. ఆ జిరాక్స్ నోట్సులో సగం తప్పులే. స్కూల్ పుస్తకంలో లేని పేర్లు, మారిపోయిన పాఠాలు, పాత సిలబస్ బిట్లు. ఎస్సీఈఆర్టీ (రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ) వాళ్ళ మూడు నుంచి పదో తరగతి పాఠ్యపుస్తకాలే అసలు మెటీరియల్, బిట్ బ్యాంకు దాని తర్వాతే. నా మాట నచ్చకపోతే ఒకసారి పాత పేపరు, ఐదో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకం పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. పాఠం పక్కన బాక్సులో ఉండే చిన్న అక్షరాల్లోంచి, బొమ్మ కింద రాసిన వాక్యంలోంచి కూడా ప్రశ్న లాగుతారు.

ఎస్జీటీకి రాసే టెట్ పేపర్ 1ఏలో ఐదు భాగాలు, ఒక్కోదానికి 30: శిశు వికాసం పెడగాజీ (మనం సైకాలజీ అనేది ఇదే), భాష 1, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం. మొదటిది వదిలేస్తే మిగతా వాటిలో 24 కంటెంట్, 6 మెథడాలజీ (బోధన పద్ధతులు). నెగటివ్ మార్కులు లేవు, రెండున్నర గంటలు. టైం ఎక్కువ తినేసేది గణితమే, అందుకే నేను దాన్ని చివరకు పెట్టుకునేదాన్ని. కొందరు మొదట చేసేస్తారు, మీకు ఏది కుదిరితే అది.

నేను ఎక్కువ చెప్పదలచుకున్నది సైకాలజీ గురించి. మనవాళ్ళు దాన్ని పేర్లు, సంవత్సరాల లాగా బట్టీ కొడతారు. పిల్లల ఆలోచన ఎదగడానికి పియాజే చెప్పిన నాలుగు దశలు: ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక. నైతిక వికాసానికి కోల్‌బర్గ్ మూడు స్థాయులు ఆరు దశలు, మనో సాంఘిక వికాసానికి ఎరిక్‌సన్ ఎనిమిది దశలు. ఇది అందరికీ వచ్చు. కానీ పేపర్లో వచ్చే ప్రశ్న "పియాజే దశలు ఎన్ని" అని రాదు, ఒక పిల్లవాడు ఏదో చేశాడు, ఇది ఏ లక్షణం అని వస్తుంది. అక్కడ బడిలో పనిచేసేవాళ్ళకు లాభం ఉంది. మా యూకేజీలో మధ్యాహ్నం డబ్బాలు తెరిచినప్పుడు ఒక పాప ఏడుపు. తన దోశ రెండు ముక్కలుందట, పక్కవాడిది నాలుగు ముక్కలుందట, వాడికే ఎక్కువ పెట్టారట! రెండూ ఒకే సైజు దోశలు. ముక్కలు పెరిగితే పదార్థం పెరగదని ఆ వయసుకు తెలియదు, అదే పదిలపరచుకొనే భావన లోపం. ఇంకొకడు బెంచీకి తగిలి కింద పడి "బెంచీ నన్ను కొట్టింది మిస్" అంటాడు, వాడిది సర్వాత్మవాదం, ప్రాణం లేనివాటికీ ప్రాణం ఉందనుకోవడం. ఇవి చూశాక ఆ పదాలు మర్చిపోవడం నావల్ల కాలేదు. పిల్లలతో పని లేనివాళ్ళు ఇంట్లో అక్క పిల్లల్ని, పక్కింటి పిల్లల్ని గమనించండి, ఊరికే అనడం లేదు.

చాలామంది పోగొట్టుకునే మార్కు ఇంకొకటి, ఋణాత్మక పునర్బలనం. దాన్ని దండన అనుకుంటారు. హోంవర్క్ చేయనివాడికి ఇంపోజిషన్ ఇస్తే అది దండన, ఒక ప్రవర్తన తగ్గించడానికి. ఈ వారం రోజూ హోంవర్క్ చేసుకొచ్చినవాళ్ళకు శనివారం ఇంపోజిషన్ తీసేస్తాను అంటే, పిల్లలకు ఇష్టం లేనిదాన్ని తీసేసి మనకు కావలసిన ప్రవర్తన పెంచుతున్నాం, అది ఋణాత్మక పునర్బలనం. ప్రవర్తన పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూసుకుంటే చాలు, ఆప్షన్లలో ఎంత తికమక పెట్టినా దొరికిపోతుంది. అభ్యసన ప్రయోగాల్లో థార్న్‌డైక్ పిల్లి, పావ్‌లోవ్ కుక్క, కోహ్లర్ చింపాంజీ సుల్తాన్, ఈ జంతువుల గోల మాత్రం నేనూ బట్టీయే కొట్టాను, వేరే దారి లేదు.

విద్యాహక్కు చట్టం కూడా అంతే. సెక్షన్ నంబర్లు వరసగా చదివితే రెండో రోజుకే కలిసిపోతాయి. నేను మా బడి గేటు దగ్గర నుంచి మొదలుపెట్టి లోపలికి నడిచినట్టు చదివాను. పిల్లల్ని కొట్టకూడదు, సెక్షన్ 17. పాఠశాల యాజమాన్య కమిటీ, 21. టీచరు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదు, 28. ప్రైవేటు బడుల్లో బలహీన వర్గాలకు 25 శాతం సీట్లు, 12(1)(సి). ప్రాథమికంలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. ఒకటి నుంచి ఐదు దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 దినాలు, 1000 గంటలు. టీచరుకు వారానికి 45 గంటలు, అందులో పాఠం తయారీ కూడా కలిపి. ఇప్పుడు ఉద్యోగంలో చేరాక ఈ 45 చూస్తే నవ్వొస్తుంది, అది వేరే కథ.

తెలుగులో ఛందస్సు అంటే భయపడేవాళ్ళు యతిస్థానాలు నాలుగు పట్టుకోండి: ఉత్పలమాల 10, చంపకమాల 11, శార్దూలం 13, మత్తేభం 14. గణాలు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయి, రోజూ ఒక పద్యపాదానికి గురులఘువులు పెడితే. మన నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు వాళ్ళకు ఒక మాట. ఇంట్లో అరవం, బడిలో తెలుగు అయితే ఒత్తక్షరాల దగ్గర తడబాటు ఉంటుంది, భారం, బారం ఒకేలా వినపడతాయి. పర్యాయపదాలు, ప్రకృతి వికృతులు చూస్తూ కాదు, రాస్తూ చదవండి. తమిళ మీడియంలో చదివినవాళ్ళు భాష 1 తమిళం పెట్టుకోవచ్చు, కానీ పదో తరగతి దాకా దాన్ని మాధ్యమంగానో మొదటి భాషగానో చదివుండాలి, అప్లికేషన్లో సరదాకి మార్చేయకండి. ఇంగ్లీషులో ఆర్టికల్స్, ప్రిపోజిషన్స్, వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ దాటి నేను పెద్దగా పోలేదు.

జీకేకి మనం ఉన్న చోటే చాలా ఉంది, ఎందుకో మనవాళ్ళు పట్టించుకోరు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలో, ఆయన విద్యా భావాలు డీఎస్సీలో పెర్స్పెక్టివ్స్ (విద్యా దృక్పథాలు) భాగానికీ పనికొస్తాయి, రిషివ్యాలీ బడి కూడా అక్కడికి దగ్గరే. టాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది 1919లో మదనపల్లెలోనే. చంద్రయాన్ 3 లేచిన శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది, దిగిన రోజు ఆగస్టు 23ను జాతీయ అంతరిక్ష దినోత్సవం చేశారు.

జిల్లా అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినా మెగా డీఎస్సీ పోస్టులు ఉమ్మడి జిల్లాల వారీగానే తీశారు. గూడూరు, సూళ్ళూరుపేట తమ్ముళ్ళు "మాది తిరుపతి జిల్లా" అని చిత్తూరు పోస్టులు లెక్కేసుకుంటుంటే చూశాను. ఆ లెక్కలో వాళ్ళు నెల్లూరు లోకల్. 80 శాతం పోస్టులు లోకల్‌వాళ్ళకే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. లోకల్ అని చూపడానికి నాలుగో తరగతి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. మూతపడిన ప్రైవేటు బడి రికార్డుల కోసం ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరిగిన ఒక అక్క కష్టం నేను దగ్గరుండి చూశాను.

బీఎడ్ వాళ్ళు ఎస్జీటీ గురించి ఇంకా అడుగుతున్నారు. 2023 ఆగస్టులో ప్రాథమిక తరగతులకు బీఎడ్ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆ దారి లేదు, మీకు టెట్ పేపర్ 2ఏ, స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల సబ్జెక్టు టీచరు) పోస్టు. అందులో 60 మార్కులు మీ సబ్జెక్టుకే, కాబట్టి సైకాలజీ మీద నేను చెప్పింది సగం తీసుకుని మిగతా టైం సబ్జెక్టుకు పెట్టండి.

ఉద్యోగం చేస్తూ చదవొచ్చా అని రోజుకొకరు మెసేజ్ పెడుతున్నారు. చదవొచ్చు, కాకపోతే రాత్రి పదకొండు గంటలకు కొత్త పాఠం ఎక్కదు. నేను కొత్తది పొద్దున లేవగానే, రాత్రిపూట బిట్లు మాత్రమే. బడిలో లీజర్ పీరియడ్‌లో ఆ రోజు నేను చెప్పిన పాఠంలోంచే నాలుగు ప్రశ్నలు సొంతంగా తయారు చేసి, తప్పు ఆప్షన్లు కూడా నేనే రాసేదాన్ని. తప్పు ఆప్షన్ నమ్మేలా రాయాలంటే పాఠం బాగా వచ్చుండాలి, అది చేసి చూడండి తెలుస్తుంది.

ఇప్పుడు మా స్టాఫ్ రూములో సీన్ తిరగబడింది. 2025 సెప్టెంబర్ 1 సుప్రీంకోర్టు తీర్పుతో సర్వీసులో ఉన్నవాళ్ళు కూడా, రిటైర్మెంట్‌కు ఐదేళ్ళకు మించి ఉంటే, రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి. నాకంటే ఎంతో సీనియర్ అయిన సారొకాయన మధ్యాహ్నం అన్నం తిన్నాక "ఏమ్మా, ఆ వైగాట్‌స్కీది సమీప వికాస మండలమేనా?" అని అడుగుతున్నారు. ఆయనకు పిల్లల్ని చూసిన అనుభవం నాకు పదింతలుంది, పేర్లే కొత్త. మేమిద్దరం కలిసి పాత పేపర్లు చేస్తున్నాం. చిత్తూరు చుట్టుపక్కల ఎవరైనా సర్వీసులో ఉండి టెట్ రాస్తుంటే కామెంట్ పెట్టండి, శనివారం సాయంత్రాలు కలిసి కూర్చుందాం, పాత పేపర్లు నేను తెస్తాను.