మిల్లీమీటరుకో అంగుళం

హాట్ రాడ్ కార్ల, అంటే వేగం కోసం మార్పులు చేసిన పాత కార్ల, చిన్న నమూనాలు తయారుచేసేవారికి 1/25 స్కేలులో (అసలు కారులో 25వ వంతు) ఒక సౌలభ్యం ఉంది. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు కాబట్టి, దానిని 25తో భాగిస్తే ఒక మిల్లీమీటరు మీద వెంట్రుకవాసి ఎక్కువ వస్తుంది. అసలు కారుకు అంగుళాలలో చెప్పే ప్రతి మార్పునూ మన బల్ల మీద అన్నే మిల్లీమీటర్లుగా చదువుకోవచ్చునన్నమాట. కప్పును 3 అంగుళాలు దించారని ఎక్కడైనా చదివితే మనం 3 మిల్లీమీటర్లు కోయాలి. ముందు ఇరుసు 4 అంగుళాలు కిందికి దిగి ఉంటే మనకు అది 4 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఒంటబట్టిన తరువాత రంగు, మెరుపు, మంటల బొమ్మలు నాకు వెనకటి వరుసలోకి వెళ్లిపోయాయి. హాట్ రాడ్ అందం ఆ మూడు నాలుగు మిల్లీమీటర్లలోనే తేలిపోతుందనీ, అక్కడ నిష్పత్తి కుదరకపోతే ఎంత ఖరీదైన రంగు వేసినా ప్రయోజనం లేదనీ నా అభిప్రాయం.

నేనుండేది ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడిలో. ఊరు దాటగానే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వస్తుంది. విడిభాగాలుగా వచ్చి మనమే కూర్చుకోవలసిన ప్లాస్టిక్ కార్ల కిట్లు అమ్మే దుకాణం నాకు తెలిసినంతలో ఈ చుట్టుపక్కల లేదు. బొమ్మల దుకాణాలలో దొరికేవి అరచేతిలో ఇమిడే 1/64 స్కేలు లోహపు కార్లు మాత్రమే. మిగిలినదంతా పార్సిలులో రావలసిందే. అయితే కిట్టు ఒక్కటి చేతికి వస్తే చాలు, పనికి కావలసిన సామగ్రిలో ఎక్కువ భాగం మన ఊళ్లలోనే ఉందని అనుభవం మీద తెలుసుకున్నాను.

ముందుగా ఈ కార్ల పుట్టుక గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే దేనిని కోయాలో, దేనిని ఉంచాలో ఆ చరిత్రే చెబుతుంది. ఫోర్డు సంస్థ 1932లో వి8 ఇంజనును (V ఆకారంలో వైపుకు నాలుగేసి సిలిండర్లు ఉండేది) సామాన్యుడు కొనగలిగిన ధరలో కారులో పెట్టింది. ఎనిమిది సిలిండర్ల దిమ్మెను ఒకే పోతగా పోసి, ఖర్చు తగ్గించి సాధించిన పని అది. ఆ ఇంజను పరిమాణం 221 ఘనపు అంగుళాలు, శక్తి 65 హార్స్‌పవర్. కొన్నేళ్లకు ఆ కార్లు పాతబడి చవకగా అమ్మకానికి రాగానే, దక్షిణ కాలిఫోర్నియా కుర్రవాళ్లు వాటిని కొని, మడ్‌గార్డులు, బంపర్లు, బానెట్టు విప్పేసి, బరువు తగ్గించి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిపోయిన సరస్సుల చదునైన నేల మీద వేగపు పందేలు వేసుకున్నారు. ఆ పందేలను ఒక క్రమంలో పెట్టడానికి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ 1937లో ఏర్పడింది. కప్పు దించడం కూడా అక్కడి అవసరం నుంచి వచ్చినదే. గాలికి ఎదురు నిలిచే భాగం తగ్గితే వేగం పెరుగుతుంది. అందం ఆ తరువాత కనిపించింది.

నమూనాల కథ వేరొక దారిలో వచ్చింది. అమెరికాలో కార్ల డీలర్లు కొనుగోలుదారులకు చూపించడానికి కొత్త మోడళ్ల చిన్న ప్రతిరూపాలను ఉంచేవారు. 1948లో మొదలైన ఎ.ఎం.టి. సంస్థ అటువంటివి తయారుచేస్తూ, 1958లో ఒకే పెట్టెలో మూడు విధాలుగా కూర్చుకోగల కిట్టును విడుదల చేసింది. కంపెనీ కారులాగా ఉంచవచ్చు, సొంత మార్పులు చేయవచ్చు, లేదా పందెపు కారుగా మార్చవచ్చు. ఆ పెట్టెలో మిగిలిపోయే విడిభాగాలే నమూనాకారుడి అసలు ఆస్తి. నేటికీ ఒక కిట్టు చక్రాలు, మరొక కిట్టు ఇంజను, ఇంకొక కిట్టు ఇరుసు కలపడం ఈ అభిరుచిలో మామూలే. అసలు హాట్ రాడ్లు కూడా అలా నానా కార్ల భాగాలతో పుట్టినవే కదా! ఒక్క జాగ్రత్త అవసరం. మోనోగ్రామ్ కిట్లు చాలావరకు 1/24లో ఉంటాయి, రెవెల్, ఎ.ఎం.టి. కిట్లు ఎక్కువగా 1/25లో ఉంటాయి. తేడా నాలుగు శాతమే కనుక టైర్లకూ ఇంజన్లకూ ఇబ్బంది లేదు గాని, బాడీని ఫ్రేము మీద కూర్చోబెట్టేటప్పుడు మాత్రం తెలిసిపోతుంది. 1932 ఫోర్డు ఇరుసుల మధ్య దూరం 106 అంగుళాలు. అది 1/25లో 107.7 మిల్లీమీటర్లు, 1/24లో 112 మిల్లీమీటర్లు. ఆ నాలుగు మిల్లీమీటర్లను దాచే చోటు కారులో ఎక్కడా ఉండదు.

ఇక కప్పు కోత. ఈ అభిరుచిలో నాకు అత్యంత ఇష్టమైన పని ఇదే. పైనుంచి చూస్తే సులభమే. కిటికీల ఎత్తులో రెండు సమాంతర గీతలు గీసి, మధ్య ముక్కను తీసేసి, పై భాగాన్ని కిందికి దించి అతికించాలి. చిక్కంతా కారు ఆకారంలో ఉంది. 1932 ఫోర్డు కూపే (రెండు తలుపుల కారు) బాడీ పైకి పోయేకొద్దీ లోపలికి సన్నబడుతుంది. 3 మిల్లీమీటర్ల ముక్క తీయగానే, పై భాగపు అంచు కింది భాగపు అంచు కంటే ఇరుకవుతుంది. అద్దం పక్క స్తంభాలు కొద్దిగా వెనక్కు వాలి ఉండటంతో ముందువైపు కూడా ఇదే తంటా. దీనికి రెండు దారులున్నాయి. తేడా అర మిల్లీమీటరు లోపు ఉంటే స్తంభాలను కొంచెం వంచి సర్దవచ్చు. అంతకు మించితే కప్పును నిలువుగా, అడ్డంగా కోసి నాలుగు ముక్కలు చేసి, మధ్యలో సన్నని ప్లాస్టిక్ పట్టీలు చేర్చి వెడల్పు చేయాలి. పాత ఫోర్డులకు ఇంకొక విశేషం ఉంది. 1932 నాటికి కప్పు నడిమి భాగం ఉక్కు రేకు కాదు, చట్రం మీద బిగించిన గుడ్డ. హాట్ రాడ్ కట్టినవారు ఆ ఖాళీని రేకుతో పూడ్చేవారు. కిట్టులో ఆ గుడ్డ అంచు చెక్కి ఉంటుంది కనుక, కప్పును పూడ్చినట్టు చూపదలచినవారు దానిని అరగదీసి నునుపు చేయాలి. కోత పెట్టిన కారుకు ఆ అంచు అలాగే ఉంటే నాకు అసంపూర్తిగా కనిపిస్తుంది.

కోసేటప్పుడు రంపం మందాన్ని లెక్కలో చేర్చడం తప్పనిసరి. సన్నని రంపపు బిళ్ల కూడా 0.3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్కును పొడి చేస్తుంది, అసలు కారు మీద అది 7.5 మిల్లీమీటర్లు. గీత మీద కోయకుండా, తీసేసే ముక్క వైపు గీతను ఆనుకుని కోసి, మిగిలినది ఆకురాయితో సరిచేయడం మంచిది. మా ఊరు కొమ్ముపనికి పేరుపొందినది. కొమ్ముతో కొంగలూ నెమళ్లూ చెక్కే ఒక పెద్దాయన నా చేతిలోని రంపాన్ని కాసేపు చూసి, "రంపాన్ని నొక్కొద్దు బాబూ, దాని దారిన దాన్ని నడవనివ్వు" అన్నారు. ప్లాస్టిక్కు విషయంలో ఇది అక్షరాలా నిజం. నొక్కితే రాపిడికి వేడి పుట్టి ప్లాస్టిక్కు కరిగి, పళ్ల మధ్య ఇరుక్కుని, బిళ్లను పక్కకు లాగుతుంది. సన్నని ఆకురాళ్లు ఎక్కడ కొనాలో కూడా ఆయనే చెప్పారు.

కిట్లు పాలిస్టైరీనుతో తయారవుతాయి. అతికించే ద్రవం ఆ ప్లాస్టిక్కునే కొద్దిగా కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది గనుక, పూడ్చే పట్టీలు కూడా పాలిస్టైరీనువే కావాలి. పార్సిలులో వచ్చే రేకులు ఖరీదైనవి. పాత సీడీల పారదర్శకపు డబ్బాలు ఇదే ప్లాస్టిక్కు. కొంచెం పెళుసుగా ఉన్నా, పట్టీలకు బాగా పనికివస్తాయి. వాడి పారేసే డబ్బాల అడుగున త్రికోణంలో 6 అంకె ఉంటే అది కూడా పాలిస్టైరీనే. 5 అంకె ఉన్న పాలిప్రొపిలీను జోలికి పోవద్దు, దానికి ఏ జిగురూ సరిగా పట్టదు. కోత పెట్టిన తరువాత కిట్టులోని అద్దాలు సరిపోవు. చొక్కాల పెట్టెల మీద వచ్చే పారదర్శకపు రేకును కత్తిరించి, ఫెవికాల్‌తో అంటించుకోవాలి. ఫెవికాల్ ఆరిన తరువాత కనిపించదు. తక్షణం పట్టే జిగురు మాత్రం ఆవిరితో అద్దం చుట్టూ తెల్లని మసక తెస్తుంది.

బానెట్టు లేని కారులో ఇంజను బయటికే కనిపిస్తుంది కాబట్టి అక్కడ కొంత శ్రమ పడాలి. ఫోర్డు వి8లో వాల్వులు సిలిండరు దిమ్మెలోనే ఉంటాయి. అందువల్ల పైమూతలు చదునుగా ఉంటాయి. కాలిన వాయువు దిమ్మె లోపలి దారుల గుండా బయటికి వస్తుంది, ఆ ఇంజను తొందరగా వేడెక్కడానికి అదొక ముఖ్య కారణం. ప్రతి వైపూ మధ్యనున్న రెండు సిలిండర్లకు ఒకే దారి కావడంతో, నాలుగు సిలిండర్లకు మూడే పొగగొట్టాలు బయటికి కనిపిస్తాయి. నాలుగేసి గొట్టాలు తగిలించిన నమూనాలను చూసినప్పుడు నాకు ప్రాణం చివుక్కుమంటుంది. గొట్టాలకు ఎలక్ట్రానిక్స్ మరమ్మతు దుకాణంలో దొరికే సోల్డర్ తీగ శ్రేష్ఠం, వేలితో వంచినట్టు వంగి అలాగే నిలుస్తుంది. స్పార్కు ప్లగ్గుల తీగలకు మోటారు వైండింగ్ దుకాణంలో 32 గేజి రాగితీగ అడగాలి. దాని మందం 0.27 మిల్లీమీటర్లు, స్కేలు ప్రకారం అసలు కారులో 7 మిల్లీమీటర్ల తీగ అవుతుంది. దుకాణదారులు అటువంటి తుంపులకు సాధారణంగా డబ్బు తీసుకోరు.

రంగు విషయంలో మా ప్రాంతపు వాతావరణమే పెద్ద ఉపాధ్యాయుడు. వానాకాలంలో లాకర్ (థిన్నరు ఆవిరై చప్పున ఆరే) రంగు కొడితే పాలపొర కమ్ముతుంది. థిన్నరు చప్పున ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరచడం, గాలిలోని తేమ ఆ చల్లని పొర మీద నీరుగా పేరుకోవడం దీనికి కారణం. నిదానంగా ఆరే థిన్నరు కలపడం ఒక ఉపాయం. కార్తీకం దాటేవరకు ఆగడం అంతకన్నా మంచిది. మోటారు సైకిళ్లకు వాడే స్ప్రే డబ్బాలలో థిన్నరు ఘాటుగా ఉండి, ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) లేని పాలిస్టైరీను మీద పడితే సన్నని నెర్రెలు తెస్తుంది. అందుకని ప్రైమరును మంచు పడ్డట్టు పలచగా, రెండు మూడు విడతలుగా కొట్టాలి. మొత్తం పూత 0.1 మిల్లీమీటరు అయినా అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల మందపు రంగు అవుతుంది, తలుపుల సందులు పూడుకుపోతాయి. ముందుగానే కత్తి మొనతో ఆ సందులను లోతు చేసుకుంటే మేలు.

ఈ కార్లకు పేరు తెచ్చిన క్యాండీ రంగు ఒక పొర కాదు, రెండు. అడుగున వెండిరంగు, దాని మీద పారదర్శకమైన ఎరుపో నీలమో. వెలుగు పై పొర దాటి వెండిని తాకి తిరిగి వస్తుంది కనుక లోతు కనిపిస్తుంది. 1968లో వచ్చిన తొలి 16 హాట్ వీల్స్ బొమ్మల మెరుపు కూడా ఈ సూత్రం మీదనే వచ్చింది. వాటిలో అమెరికా కార్ల రూపశిల్పి ఎడ్ రాత్ రూపొందించిన బీట్నిక్ బ్యాండిట్ అనే కారు ఒకటి. పొర మందం పెరిగిన చోట రంగు ముదురుతుంది కాబట్టి చేతి వేగం మారితే చారలు పడతాయి. మిలమిలలాడే రేకుల పొడిని మాత్రం నేను వాడను. 0.2 మిల్లీమీటర్ల రేకు ఈ స్కేలులో 5 మిల్లీమీటర్ల బిళ్లలాగా కనిపించి, కారును పెళ్లిపందిరి అలంకారంలోకి దించుతుంది.

తుప్పుపట్టినట్టు రంగులు వేసే ధోరణి గురించి ఒక్క మాట. చేతిపని బాగుంటే చూడటానికి బాగానే ఉంటుంది. అయితే తొలినాటి కుర్రవాళ్లు తుప్పును కోరుకోలేదు. డబ్బు సమకూరేవరకు ప్రైమరుతో తిరిగి, తరువాత మంచి రంగు వేయించుకున్నవారే ఎక్కువ. 1940ల నాటి కారు కట్టదలచినవారికి తుప్పు కంటే మసక ప్రైమరే సరైన ఎంపిక.

చివరికి నిలుపు. ముందు చిన్న టైర్లు, వెనక పెద్ద టైర్లు, ముందుకు కొద్దిగా వంగిన బాడీ. ఎంత వంగాలో కాగితం మీద తేలదు. రంగుకు ముందే బాడీని, ఫ్రేమును, చక్రాలను మైనపు ముద్దలతో తాత్కాలికంగా నిలిపి, ఫొటో ఫ్రేముల దుకాణంలో తెచ్చుకున్న గాజు పలక మీద పెట్టి, కంటి ఎత్తులో పక్కనుంచి చూడాలి. నాలుగు టైర్లూ గాజును తాకాలి, వెనక టైరు పైఅంచు బాడీ వంపుతో సమానంగా నడవాలి. ముందువైపు ఒక మిల్లీమీటరు దించి చూడండి, మరొక అర మిల్లీమీటరు దించి చూడండి. సరైన చోటు దొరకగానే ఫ్రేము కింద ఎత్తులు గుర్తుపెట్టుకుని, ఆ తరువాతే ప్రైమరు డబ్బా మూత తీయండి. ప్రస్తుతం నా బల్ల మీద ఒక ఫోర్డు మోడల్ ఎ సెడాన్ బాడీ ఉంది. దాని స్తంభాలు దాదాపు నిటారుగా ఉండటంతో కప్పును నాలుగు ముక్కలు చేసే పని తప్పింది, కనుక ఈసారి 4 మిల్లీమీటర్లు దించుతున్నాను.