గుయ్‌మన్న మోత, పెట్టె మీద పడిన నింద: నా అనుభవం

నిన్న సాయంత్రం నా పాటల రికార్డింగ్‌లో వచ్చే ఆ మోత ఆగింది. మూడు వారాలు నా ప్రాణం తోడేసింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను.

తిరుపతిలో ఇంటి దగ్గర పిల్లలకి సంగీతం చెబుతాను. ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో డిప్లొమా చేశాను. బయటి ఊళ్లలో ఉన్న శిష్యులకి అన్నమయ్య కీర్తనలు పాడి పంపుదామని బెరింజర్ యూఎంసీ22 ఇంటర్‌ఫేస్ (మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి చేర్చే చిన్న పెట్టె), ఒక కండెన్సర్ మైకు కొన్నాను. ల్యాప్‌టాప్‌కి తగిలించడం అరగంట పని.

మొదటి పాట వెనక్కి వింటే అడుగున గుయ్‌మని ఒకటే మోత. నాది ఐదు శ్రుతి, తంబురాలో మంద్ర షడ్జం, అంటే కింది 'స', 98 హెర్ట్జ్ (సెకనుకి 98 కంపనాలు). మన ఇళ్ల కరెంటు 50 హెర్ట్జ్, దాని రెట్టింపు 100, ఆ మోత అక్కడిదే. 98 పక్కన 100 మోగితే శ్రుతి సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. పాతికేళ్లుగా శ్రుతి పట్టుకుని బతుకుతున్న చెవికి అది ముల్లు గుచ్చినట్టే.

పెట్టె పట్టుకుని పుత్తూరు, నగరి మీదుగా బస్సులో చెన్నై వెళ్లాను, కొన్న దుకాణానికే. కౌంటర్‌లో అతను వైరు కూడా తగిలించలేదు. పెట్టె మీద పేరు చూసి, "ఇది కొంటే ఇంతే మేడమ్, దీన్ని ఎవరైనా స్టూడియోలో పెడతారా?" అన్నాడు. అమ్మింది వాళ్లే! బిల్లు చూపించాను. పక్కనున్న కుర్రాడితో తమిళంలో, "పాటల టీచరమ్మ, చీప్‌గా కొనేసి ఇప్పుడు వచ్చి ఏడుస్తోంది" అని నవ్వాడు. గిటార్లు చూస్తున్న నలుగురు పిల్లలు కూడా నవ్వారు. నాకు తమిళం రాదనుకున్నాడు. మా అమ్మమ్మది నగరి. సగం బాల్యం తమిళంలోనే గడిచింది. "ఎనక్కు తమిళ్ నల్లా తెరియుం" అన్నాను. ఇద్దరూ నోరు మూసుకున్నారు గానీ సారీ మాత్రం రాలేదు. పదిహేను వేల ఇంకో పెట్టె ముందు పెట్టి, పాతది ఇస్తే రెండు వేలు తగ్గిస్తానన్నాడు. తిరుగు ప్రయాణంలో పెట్టెని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. పాతికేళ్ల విద్య ఉన్న మనిషిని పర్సు బరువుతో తూచాడు.

బెరింజర్ పేరు చెబితే పెదవి విరిచేవాళ్లు చాలామందే ఉన్నారు. ఊలీ బెరింజర్ 1989లో జర్మనీలో మొదలుపెట్టిన కంపెనీ అది. పెద్ద కంపెనీల వస్తువుల్లాంటివి తక్కువ ధరకి ఇస్తుందని పేరు, కాపీ కొడుతుందని అపవాదు. మిక్సర్ల విషయంలో అమెరికా కంపెనీ మ్యాకీ 1997లో కోర్టుకెళ్లింది. గిటార్ పెడల్స్ విషయంలో రోలాండ్ కంపెనీ 2005లో వెళ్లింది. ఆ మచ్చ ఊరికే పడలేదు, ఒప్పుకుంటాను. కానీ 2009లో బ్రిటన్‌లో పేరున్న మిక్సర్ల కంపెనీ మైడాస్‌ని కొన్నది కూడా ఈ కంపెనీయే. నా పెట్టెలో ప్రీయాంప్ (మైకు శబ్దాన్ని పెంచే భాగం) మైడాస్ వాళ్ల డిజైన్. అయినా జీతంలో మిగిల్చి మైకు కొనుక్కునేవాడికి పరువుతో ఏం పని? మన పల్లెల్లో గుడి మీద అహుజా హారన్ మోగితే ఎవరైనా దాని ధర అడిగారా?

దారి చూపించింది నా శిష్యురాలి అన్న, ఇంజనీరింగ్ చదివే పిల్లాడు. "అత్తా, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి పాడండి" అన్నాడు. పీకాను. మోత పోయింది! పెడితే వచ్చింది, తీస్తే పోయింది. పదిసార్లు అలాగే చూశాను.

ఎలక్ట్రీషియన్ వచ్చి, కరెంటు వచ్చే ఫేజ్‌కీ, భూమిలోకి పోయే ఎర్త్‌కీ మధ్య టెస్ట్ లాంప్ పెట్టాడు. బల్బు వెలగలేదు. "అక్కా, మీ ఇంటికి ఎర్తే లేదు" అన్నాడు. ఛార్జర్ నుంచి లీకయ్యే కాస్త కరెంటుకి భూమిలోకి దారి లేక, అదే మోతగా వినిపించిందన్నమాట. పెరట్లో తవ్వితే పైపు దగ్గర వైరు తుప్పు పట్టి తెగిపోయి ఉంది, మట్టి పొడిపొడిగా రాలుతోంది. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే ఒక్కోసారి జిల్లుమనేది, ఇన్నేళ్లూ పట్టించుకోలేదు. కొత్త పైపు దించి, చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి, రెండు బకెట్ల నీళ్లు పోశాడు. బల్బు నిండుగా వెలిగింది. మొత్తం రెండు వేల ఎనిమిది వందలయింది.

మీ రికార్డింగ్‌లో మోత వస్తే ముందు ఛార్జర్ తీసి, బ్యాటరీ మీద వినండి. ఆ తర్వాతే ఎవరి దగ్గరికైనా వెళ్లండి. ఇంట్లో ఏది ముట్టుకున్నా జిల్లుమంటుంటే రికార్డింగ్ సంగతి తర్వాత, ఎలక్ట్రీషియన్‌ని వెంటనే పిలవండి. వైరు తగిలించి చూడకుండానే ఇంకో పెట్టె చూపించే దుకాణంలో నిలబడకండి.

ఈ ఉదయం ఛార్జర్ పెట్టుకునే పాడాను. హెడ్‌ఫోన్స్‌లో తంబురా, నా గొంతు, పల్లవి మధ్యలో పక్కింటి కుక్కర్ విజిల్. విజిల్ దగ్గర మళ్లీ పాడి, మధ్యాహ్నం పిల్లలకి పంపించాను.